టెక్ సందేహాలు: బ్లాక్‌బోర్డు మీద పుట్టిన ఏపీఎల్

ప్రశ్న: తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్నాను. పైథాన్‌లో అంకెల వరుసలతో లెక్కలు చేసే నంపై (NumPy) వాడటం వచ్చు. దాని వెనకున్న ఆలోచన ఏపీఎల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషదని మా సార్ అన్నారు. తెరిచి చూస్తే అన్నీ వింత గుర్తులే! ఎందుకలా చేశారు? ఇప్పుడు నేర్చుకుంటే ఏమైనా ఉపయోగమా?

జవాబు: ఆ గుర్తులు కంప్యూటర్ కోసం పుట్టలేదు. కెనడాకు చెందిన కెన్నెత్ ఐవర్సన్ 1950ల చివర్లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పేవారు. మామూలు గణిత గుర్తులు చాలక, బోర్డు మీద రాయడానికి సొంతంగా కొన్ని తయారు చేసుకున్నారు. 1960లో ఐబీఎంలో చేరారు. 1962లో ‘ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకం వేశారు. ఏపీఎల్ పేరు అక్కడిదే. తమాషా ఏమిటంటే, అప్పటికి అది ఏ మెషీన్ మీదా నడవదు. టైప్ చేయగానే జవాబిచ్చే ఏపీఎల్\360 వచ్చింది 1966లో.

మరి అన్ని గుర్తులు టైప్ చేసేదెలా? ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్‌లో అక్షరాలన్నీ ఒక చిన్న బంతి మీద ఉంటాయి. బంతి మారిస్తే అక్షరాలు మారతాయి. ఏపీఎల్‌కూ ఒక బంతి చేయించారు. దాని మీద పట్టేవి 88 అక్షరాలే. అందుకని కొన్ని గుర్తులను ఒకటి కొట్టి, వెనక్కి జరిపి, దాని మీదే ఇంకొకటి కొట్టి తెప్పించేవాళ్లు.

ఇక అసలు సంగతి. మూడు లోడ్ల మామిడి 3, 5, 2 టన్నులు, టన్ను రేట్లు వేలల్లో 12, 14, 11 అనుకోండి. మొత్తం ఎంతో తెలియాలంటే ఏపీఎల్‌లో ఇంతే:

+/ 3 5 2 × 12 14 11

జవాబు 128, అంటే లక్షా ఇరవై ఎనిమిది వేలు. × గుర్తు జతజతగా గుణిస్తుంది, +/ వాటన్నిటినీ కూడుతుంది. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) లేదు. అన్నీ కుడి నుంచి ఎడమకు జరుగుతాయి, గుణకారానికి ప్రత్యేక హోదా ఏమీ లేదు. 2×3+4 కొడితే ముందు 3+4 చేసి, 10 బదులు 14 ఇస్తుంది, కంగారు పడకండి.

ఐవర్సన్‌కు 1979లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1990లో ఆయన, రోజర్ హుయ్ కలిసి మామూలు కీబోర్డుతోనే సరిపోయే జె భాష తెచ్చారు. తర్వాత ఆర్థర్ విట్నీ చేసిన కె భాష బ్యాంకులు, స్టాక్ ట్రేడింగ్ వైపు వెళ్లింది.

ఉద్యోగం కోసమైతే నంపై చాలు, ఏపీఎల్ కోసం టెన్షన్ వద్దు. కానీ జె ఉచితమే, సెలవుల్లో ఒకసారి వేసి చూడండి. లూప్ రాసే ముందు ‘ఇది అవసరమా’ అని ఆగే అలవాటు వస్తుంది. నా లెక్కలో అది చిన్న లాభమేం కాదు.

ప్రశ్న: చిత్తూరులో మామిడి మండీ లెక్కలు ఎక్సెల్‌లో చూస్తాను. బరువు, రేటు గుణించి మొత్తం ఒకే గడిలో తెచ్చుకోవచ్చా?

జవాబు: సమ్‌ప్రొడక్ట్ (SUMPRODUCT) ఫంక్షన్ సరిగ్గా పై లెక్కే చేస్తుంది. బరువుల వరుస, కామా, రేట్ల వరుస ఇవ్వండి. రెండింట్లో గడులు సమానంగా ఉండాలి. గడిలో ‘5 టన్నులు’ అని మాటతో కలిపి రాస్తే మాత్రం దాన్ని సున్నాగా తీసుకుంటుంది, ఎర్రర్ కూడా చూపదు. అంకె ఒక్కటే రాయండి.