అత్తయ్య నీళ్లెందుకు తాగడం లేదు?

ప్రశ్న: సెలవులకు 750 కిలోమీటర్లు వెళ్లాలి. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, 70 ఏళ్ల అత్తయ్య. రాత్రి కారులో బయల్దేరదామని మావారి పట్టు. కిందటిసారి 12 గంటల్లో రెండేసార్లు ఆపారు. బండి ఆపమని అడగాల్సి వస్తుందని అత్తయ్య ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు. నాకు డ్రైవింగ్ వచ్చినా స్టీరింగ్ ఇవ్వరు. రైలే మేలని ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: మీరడిగినదానికి ముందే చెప్పేస్తాను. రాత్రంతా ఒక్కరే నడిపే కారు కంటే రైలే మేలు. 17 గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. పొద్దున్న ఆరింటికి లేచిన మనిషికి రాత్రి పదకొండుకే ఆ 17 నిండుతాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు కునుకుపడితే బండి 110 మీటర్లు దానంతటదే పోతుంది. టికెట్లు తీసుకోండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది నీళ్ల దగ్గర. కన్నకొడుకుని 'ఒరేయ్, బండి ఆపరా' అనలేక ఒక తల్లి దాహం చంపుకుంటోంది. దాన్ని మీరు రైలు తరఫున ఒక పాయింటుగా రాశారు! ఆ వయసులో ఒంట్లో నీళ్లు తగ్గితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పైగా నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, అది రైల్లోనైనా అంతే.

12 గంటల్లో చేర్చేశానని మీవారు చెప్పుకుంటూనే ఉండుంటారు. వెనక సీట్లో ఎవరు ఏం బిగపట్టుకున్నారో ఆయనకి తెలీదు. మీరిద్దరూ తెలియనివ్వలేదు. 'ఆయనకి కోపమొస్తుంది' అంటూ ఇంట్లో ఆడవాళ్లు మగవాడి చుట్టూ కట్టే ఈ దడి నాకెప్పుడూ మింగుడుపడదు. దానికి గౌరవమని పేరు పెట్టుకుంటాం గానీ, అది భయం. రైల్లో బాత్రూమ్ ఉంటుంది కాబట్టి ఈసారికి గండం గడుస్తుంది. రేపు అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే, కొడుకుని లేపడానికి ఆవిడ నోరు విప్పుతారా?

ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. అత్తయ్య ముందు వద్దు, ఆవిడ సిగ్గుపడతారు. 'మిమ్మల్ని బండి ఆపమనలేక అత్తయ్య నీళ్లు మానేస్తున్నారు' అని చెప్పి ఊరుకోండి. అప్పుడు రైలు మాట ఎత్తారో, మళ్లీ పాత తగువే.

విన్నాక కూడా కారే అంటే, పగలు బయల్దేరాలి. ఎవరూ అడక్కుండానే రెండు గంటలకోసారి బండి ఆగాలి. సగం దూరం మీరు నడపాలి. ఇవ్వరని రాశారు, గట్టిగా అడిగారా ఎప్పుడైనా?

రైలైనా కారైనా, ఆ రోజు పొద్దున్నే అత్తయ్య చేతికి గ్లాసుడు నీళ్లిచ్చి, 'తాగండి, ఆపమని నేను చెప్తాను' అనండి.