ప్రార్థన చేస్తున్నా గుండె దడ తగ్గడం లేదు, నా విశ్వాసంలో లోపమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "క్రీస్తును నమ్మినవాణ్ణే. రోజూ ప్రార్థన చేస్తాను. అయినా రాత్రి మెలకువ వస్తే గుండె దడ, ఏదో జరగబోతోందన్న భయం. ప్రభువులో సంతోషం, సమాధానం ఉంటాయంటారే, అవి నిజంగా ఎవరికైనా దొరికాయా? నా విశ్వాసం తక్కువైందా? డాక్టరు దగ్గరికి వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టేనా?"

వందనాలండి. నేను పాస్టర్ని కాదు, డాక్టర్నీ కాదు. మీరిప్పుడు పడుతున్నది దాదాపు మూడేళ్ళు పడ్డవాణ్ణి, అంతే. నాకు జరిగింది చెప్తాను, పనికొచ్చింది తీసుకోండి.

ముందు ఒక సిగ్గు సంగతి. ఇది మొదలైనప్పుడు నాకు ఏ కష్టమూ లేదు. ఉద్యోగం బాగానే ఉంది, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, అప్పులు లేవు. సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళవి నిజమైన కష్టాలు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు, రోగంతో పోరాడుతున్నవాళ్ళు. వాళ్ళు "దేవుడు నాకు సమాధానం ఇచ్చాడు" అంటుంటే, నేను వెనక వరసలో కూర్చుని తలుపు ఎన్ని అడుగుల దూరంలో ఉందో లెక్కపెట్టుకునేవాణ్ణి. దడ మొదలైతే ఎవరి కంటా పడకుండా బయటపడాలి కదా. కారణం లేని భయానికి ఏమని ప్రార్థన చేయించుకోవాలి? అందుకే ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా ఏడాది దాకా తెలియదు.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. ఛాతీ బిగుసుకునేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. అయిపోయింది, ఇక ఇంతే అనుకునేవాణ్ణి. (చాలా తర్వాత డాక్టరు చెప్పారు: భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు అలా తిమ్మిరెక్కుతాయట. ఆ దడ కూడా మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగుతుందట. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఎన్ని రాత్రులు మిగిలేవో! కానీ మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పిని మాత్రం "టెన్షనేలే" అని వదిలేయకండి, ఒకసారి చూపించుకోండి.)

అప్పుడు నేను చేసిన ప్రార్థనల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మోకరించి "ప్రభువా, ఈ భయం తీసెయ్యి" అనేవాణ్ణి. ఆమెన్ అన్న మరుక్షణం లోపలికి తొంగి చూసుకునేవాణ్ణి, పోయిందా? పోలేదు. మళ్ళీ ప్రార్థన, ఈసారి ఇంకా గట్టిగా. మళ్ళీ చూసుకోవడం. జ్వరం వచ్చినవాడు నిమిషానికోసారి థర్మామీటర్ పెట్టుకున్నట్టు. చివరికి ఆ ప్రార్థనే నాకు దడ పుట్టించేది. పైగా ఇంకో భయం తోడయ్యేది: "దేనిని గూర్చియు చింతపడకుడి" అని వాక్యం చెప్తుంటే నేను చింతపడుతున్నాను, అంటే ఆజ్ఞ మీరుతున్నాను. భయపడుతున్నందుకు భయం. మీ ప్రశ్నలో "నా విశ్వాసం తక్కువైందా" అన్న మాట చూడగానే నాకు ఆ రోజులే గుర్తొచ్చాయి.

ఒకరోజు విసుగొచ్చి, ఆ ఒక్క వచనం కాకుండా ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొత్తం ఒకే కూర్చోవడంలో చదివాను. నాలుగే అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి అది రాసింది బంధకాల్లో, అంటే చెరలో ఉండి. వదిలేస్తారో చంపేస్తారో తెలియని స్థితి. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాటకు సరిగ్గా ముందు, సంఘంలో ఇద్దరు స్త్రీల మనస్పర్థ గురించి బతిమాలుతున్నాడు. అంటే ఆ ఆనందం గురించి రాసింది అన్నీ చక్కబడ్డాక కాదు. ఇంకోటి, "ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నాను" అంటాడు. నేర్చుకున్నాడట! పౌలుకే పుట్టుకతో రానిది నాకు ఒక్క ప్రార్థనతో రావాలని పట్టుబట్టాను.

తర్వాత ఒక పెద్దాయన ఇంకో సంగతి చూపించారు. చింతపడవద్దన్న చోట గ్రీకులో ఏ మాట ఉందో, దానికి మూలమైన మాటనే పౌలు రెండో కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయంలో తన గురించి వాడుకున్నాడు. సంఘాలన్నిటి గురించిన చింత తనకు రోజూ ఉందని. చింత వద్దని రాసిన చేతే "నాకు చింత ఉంది" అనీ రాసింది. అది చదివాక నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇక సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో జరిగిన సంగతి మీకు తెలిసిందే. యేసు "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు, శిష్యుల్ని పక్కన ఉండమని అడిగాడు, అదే ప్రార్థన అవే మాటలతో మూడుసార్లు చేశాడు. ఆయనలో విశ్వాసం తక్కువైందని ఎవరంటారు?

ఇప్పుడు "సమాధానం" అన్న మాట దగ్గరికి వస్తాను. మన భాషలో ఇదొక చిత్రం. బయట సమాధానం అంటే జవాబు. సంఘంలో సమాధానం అంటే నెమ్మది, శాంతి. నేను ఇన్నాళ్ళూ రెండోది అడుగుతున్నాననుకుని మొదటిదే అడిగాను. "రేపేమవుతుంది? చివరికి బాగానే ఉంటుందా? అది చెప్పు ప్రభువా, నిశ్చింతగా పడుకుంటాను." జవాబు రాలేదు. వాక్యంలో ఉన్నదేమో "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము" అని. తెలుసుకోవడం వల్ల వచ్చేది కాదని అక్కడే రాసి ఉంది, చూడలేదు.

ఆ సమాధానం ఏం చేస్తుందంటాడు? హృదయానికీ తలంపులకీ "కావలియుండును". గ్రీకులో ఇది సైనికుల మాట, కోటకు కాపలా పెట్టడం లాంటిది. ఫిలిప్పీ రోమా వాళ్ళ ప్రవాసస్థానం. క్రీ.పూ. 42లో అక్కడ జరిగిన యుద్ధం తర్వాత సైనికులకు భూములిచ్చి స్థిరపరిచిన ఊరు. అక్కడివాళ్ళకు కావలి అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కావలివాడు నిలబడ్డాడంటే బయట దొంగలు లేరని కాదు కదా, ఉన్నారనే. దడ రావడమూ, లోపల సమాధానం ఉండటమూ ఒకే రాత్రి కుదురుతాయని నాకు అప్పుడు తట్టింది. (ఆ ఊరి చెరసాలలోనే పౌలు, సీల మధ్యరాత్రి పాటలు పాడారు. భయంతో చనిపోబోయిన చెరసాల నాయకుడు ఆ రాత్రే విశ్వాసి అయ్యాడు. కొన్నేళ్ళకు ఈ ఉత్తరం చదువుతుంటే ఆయన కూడా కూర్చుని విని ఉంటాడా అని నేను ఊహించుకుంటూ ఉంటాను. బైబిల్లో ఆ సంగతి లేదు, నా ఊహ మాత్రమే.)

సరే, ఆచరణలో ఏం మార్చానంటే, ఒక నోటుబుక్కు కొన్నాను. "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అన్నాడు కాబట్టి తెలియజేయడం వరకే నా పని అనుకున్నాను. సాయంత్రం పావుగంట కూర్చుని భయాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాసేవాణ్ణి. "అంతా భయంగా ఉంది" అని రాయకూడదని నియమం పెట్టుకున్నాను. "శుక్రవారం మీటింగులో మాట తడబడి నవ్వులపాలవుతానని భయం" అని రాయాలి. ప్రతి దాని పక్కన ఒక ప్రశ్న: ఇది జరిగిందా, జరుగుతుందని నా మనసు అంటోందా? ఆ తర్వాత రెండో వచనంలో "ఏవి సత్యమైనవో" వాటి మీద ధ్యానముంచమంటాడు, అక్కణ్ణుంచి తీసుకున్నాను. తర్వాత ఒక్కసారి ప్రార్థన, బుక్కు మూసేయడం. కృతజ్ఞత కూడా రాయాలి, ఇది నాకు కష్టమైంది. మొదటి వారం కల్పించి రాసినట్టుండేది. ఒకరోజు "ఈ పూట నీళ్ళు చన్నీళ్ళుగా, హాయిగా అనిపించాయి" అని రాశాను. అదే నిజంగా రాసిన మొదటి కృతజ్ఞత.

రాత్రి మూడింటికి మెలకువ వస్తే కొత్తగా ప్రార్థన మొదలుపెట్టేవాణ్ణి కాదు. "సాయంత్రం చెప్పాను ప్రభువా, అదే" అనేవాణ్ణి. భయం పోయిందా అని లోపలికి చూసుకోవడం మానడమే అన్నిటికన్నా కష్టం. పాత అలవాటు, వారాలు పట్టింది. దానికి బదులు మెల్లగా ఊపిరి వదులుతూ 42వ కీర్తనలోని "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అనుకునేవాణ్ణి. ఆ మాట ఆ కీర్తనలో రెండుసార్లు, తర్వాతి కీర్తనలో ఇంకోసారి వస్తుంది. రాసినాయనకీ ఒక్కసారి అడిగితే సరిపోలేదన్నమాట. ప్రార్థనకు మాటలే రాని రాత్రులు కూడా ఉన్నాయి. రోమా 8వ అధ్యాయంలో ఆత్మే మన పక్షంగా మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని ఉంది కదా, ఆ పని ఆయనకు వదిలేసి పడుకున్నాను. మొరటుగా అనిపించొచ్చు గానీ పడుకున్నాను.

డాక్టరు సంగతి. వెళ్ళండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. నాకు సలహా ఇచ్చిన ఒక బ్రదర్ "మాత్రలు వేసుకుంటే సాక్ష్యం పోతుంది" అన్నాడు, ఆ మాట విని ఎనిమిది నెలలు వృథా చేశాను. ఆయన మీద ఇప్పుడు కోపం లేదు, కానీ ఆ మాట తప్పు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని "నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు గద్దించలేదు, ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినమన్నాడు. మాట్లాడింది ఆ తర్వాత. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ సంగతి చూడండి. 1856 అక్టోబరులో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో "మంటలు" అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్ళు. ఆ తర్వాత జీవితాంతం కుంగుబాటు వస్తూ పోతూనే ఉంది, ఆ సంగతి ఆయన సంఘం దగ్గరా, విద్యార్థుల దగ్గరా దాచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ఆందోళన రుగ్మతలున్నవాళ్ళు 30 కోట్ల పైచిలుకు. అందులో మీలాంటి, నాలాంటి విశ్వాసులు ఎందరుంటారో!

నాకు డాక్టరు మందు రాసి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, సొంతంగా ఆపొద్దని చెప్పారు. తొమ్మిది నెలలు వాడాక ఆయనే మెల్లగా తగ్గించి ఆపించారు. కొందరికి ఎక్కువ కాలం పట్టొచ్చు, అందులో తప్పేమీ లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం నోటుబుక్కూ కీర్తనలూ తర్వాత. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇక సంతోషం. దీన్ని నేను ఎక్కువ వెతికాను, తక్కువ అర్థం చేసుకున్నాను. భయం తగ్గితే వచ్చే ఊరటను సంతోషం అనుకునేవాణ్ణి. అది వేరు. నాకు జ్ఞాపకం ఉన్నంతలో అది మొదట తిరిగొచ్చింది ఒక ఆదివారం ఆరాధనలో. నా ముందు కూర్చున్న చిన్నపిల్ల పాటలో ఒక పదాన్ని పూర్తిగా తప్పు పాడుతోంది, గొంతెత్తి, ధైర్యంగా. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ నేనూ పాడాను. పాట అయిపోయాక గుర్తొచ్చింది, తలుపు దూరం లెక్కపెట్టలేదని.

అంతా నయమైపోయిందని చెప్పను. రెండేళ్ళ క్రితం నాన్న పోయారు. ఈసారి భయానికి కారణం ఉంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని మార్కు సువార్తలో ఒక తండ్రి అన్న మాటే పదేపదే అనుకున్నాను: నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సాయం చెయ్యి. ఏడ్చాను, చేతులు వణికాయి. అయినా లోపల ఎక్కడో ఒక చోట కదలకుండా ఉంది, దాన్ని ఇంతకంటే బాగా చెప్పలేను. కావలి అన్న మాటే నాకు సరిపోయింది.

ఇప్పటికీ నెలకోసారో రెండుసార్లో మూడింటికి మెలకువ వస్తుంది. ఒకసారి మళ్ళీ నిద్ర పడుతుంది, ఒకసారి పట్టదు. మొన్న అలాగే నిద్ర పట్టక ఆ పాత నోటుబుక్కు తిరగేశాను. ఒక పేజీలో "గురువారం ఆ విషయం, ప్రభువా" అని రాసి, కింద రెండు గీతలు గట్టిగా గీసి ఉంది, కాగితం చిరిగేంతగా. ఏ గురువారమో, ఏ విషయమో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.