డికిన్సన్ కవితలో ఆశ పక్షి ఎలా అయింది?

మీరు రెండు అడిగారు. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ రాసిన "హోప్ ఈజ్ ద థింగ్ విత్ ఫెదర్స్" కవితలో ఆశకూ పక్షికీ పోలిక ఏమిటని ఒకటి. చివర్లో రొట్టె తునక ప్రస్తావన ఎందుకొచ్చిందని రెండోది. ఈ కవితను కొన్నేళ్లుగా క్లాసులో చెబుతున్నాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

"పక్షి పైకి ఎగురుతుంది, ఆశ కూడా మనల్ని పైకి తీసుకెళ్తుంది" అని పిల్లలు రాస్తుంటారు. కానీ కవిత తీసి చూడండి, ఈ పక్షి ఎక్కడా ఎగరదు. మనసులో వాలుతుంది, ఆపకుండా పాడుతుంది, వెచ్చగా ఉంచుతుంది. అసలు 12 పాదాల్లో పక్షి అన్న మాట 7వ పాదం దాకా రాదు. మొదట్లో అది ఈకలున్నదేదో, అంతే.

పోలిక కుదిరిన చోటు కంటే కుదరని చోటే నాకు ముఖ్యమనిపిస్తుంది. మామూలు పక్షి గాలివానలో ఎక్కడో నక్కుతుంది. ఇది ఆ హోరులోనే మరీ తియ్యగా వినిపిస్తుంది. మామూలు పక్షికి గింజలు చల్లాలి. దీనికి అక్కర్లేదు, ఎంత కష్టంలోనూ ఒక్క తునక కూడా అడగలేదంటుంది కవయిత్రి. రూపకంగా మొదలుపెట్టి, ఉపమేయాన్ని (ఆశను) ఉపమానం (పక్షి) కంటే ఒక మెట్టు పైన నిలబెట్టింది. మన ఆలంకారికులు చూస్తే వ్యతిరేకాలంకారం అనేవారేమో! "మరి దానికి మేత ఎవరు పెడతారు సార్?" అని ఒకసారి ఒక అబ్బాయి అడిగాడు. కవితలో జవాబు లేదు. ఉంటే చెడిపోయేది కూడా.

ఆ పక్షి పాటలో మాటలుండవు, రాగమే ఉంటుంది. మా ఇంట్లో ఒకరి బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో ఈ పాదం నాకు దగ్గరైంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ధైర్యం చెబుతూ ఏవేవో కారణాలు చెప్పేవాళ్లు. ఒక్కటీ చెవికెక్కలేదు, టెన్షన్ తగ్గలేదు. అయినా రాత్రి కూర్చుని వచ్చే నెల కొనాల్సిన సామాన్ల లిస్టు రాశాను. ఎందుకు రాశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ పాట విన్న చోట్లుగా చివరి చరణంలో వచ్చే గడ్డకట్టించే నేల, ఎరుగని సముద్రం అన్నవి ప్రయాణ వివరాలు కావు. డికిన్సన్ (1830-1886) జీవితం చాలావరకు అమెరికాలోని ఆమ్హర్స్ట్‌లో సొంత ఇంట్లోనే గడిచింది. అవన్నీ లోపలి చోట్లు. ఈ కవిత అచ్చయింది కూడా ఆమె పోయాక, 1891లో.

పరీక్ష కోసమే అడుగుతుంటే ఇంకో సంగతి గమనించండి. మొదటి రెండు చరణాల్లో "నేను" లేదు. మూడో చరణంలో "నేను విన్నాను" అంటూ ఒక మనిషి వచ్చి సాక్ష్యం చెబుతుంది. అందుకని దీన్ని నీతి పద్యంలా వివరించకండి.