మూడేళ్ల బాబుకు వృషణం ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎలా చూసుకోవాలి?

చెల్లీ, మీ బాబుకు ఒక పక్క వృషణం కిందికి దిగలేదని వచ్చే వారం ఆపరేషన్ పెట్టారని, అదే రోజు సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారని, ఇంట్లో ఎలా చూసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. మా చిన్నోడికి 20 నెలలప్పుడు హనుమకొండలో ఇదే ఆపరేషన్ అయింది. మాకు ఎదురైనవి చెప్తాను. మీ డాక్టర్ ఇంకోలా చెప్తే వాళ్ల మాటే వినండి.

అన్నిటికంటే ముందు ఒకటి: బాబును సంకన ఎత్తుకోవద్దు. మనకు పిల్లాడు ఏడిస్తే చెయ్యి దానంతటదే అలా పోతుంది. కాళ్లు రెండు పక్కలకు చాచి నడుముకు ఆనిస్తే బరువంతా కుట్ల దగ్గరే పడుతుంది. ఆపరేషన్ మరునాడు మా అత్తమ్మ ప్రేమతో అలాగే ఎత్తుకుంటే వాడు ఒక్కసారిగా కేక పెట్టాడు. అప్పటినుంచి కాళ్లు దగ్గరగా పెట్టి, ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు రెండు చేతుల మీద ఎత్తుకున్నాం. బండి ట్యాంకు మీద కూర్చోబెట్టడం, మూడు చక్రాల సైకిలు, చెక్క గుర్రం మూడు వారాలు బంద్ అన్నారు. సైకిలు కనబడితే ఊరుకోడని పక్కింట్లో దాచాం. పరకాల పోవాల్సిన పని కూడా వాయిదా వేసుకున్నాం.

మొదటి రాత్రి మత్తు ప్రభావంతో రెండుసార్లు కక్కాడు. కొద్దికొద్దిగా నీళ్లు, తర్వాత జావ, పొద్దునకల్లా ఇడ్లీ తిన్నాడు. మొదటిసారి మూత్రం పోసేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు.

నొప్పి మందు విషయంలో చాలా జాగ్రత్త. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది, 250 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది. మావాడు 11 కిలోలు. 120 సీసాతో ఆరున్నర మి.లీ. అని రాసిచ్చారు. రెండో రోజు సీసా అయిపోతే మా ఆయన తెచ్చింది 250ది. అదే కొలత పోసుంటే మందు రెట్టింపు పడేది. మూత తీసే ముందు లేబుల్ చదివాను కాబట్టి సరిపోయింది. రెండు డోసుల మధ్య ఆరు గంటలు ఉండాలన్నారు. టైము గోడ మీది క్యాలెండర్‌లో రాసుకున్నాం. ఎందుకంటే రాత్రి నిద్రమత్తులో ఎవరు పోశారో గుర్తుండదు.

మూడో రోజు వృషణాల సంచి వాచి, ఊదారంగులోకి, ఒక పక్క నల్లగా మారింది. చూసి ఏడ్చేశాను. ఫోన్ చేస్తే కమిలిన రక్తమేనని, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుందని చెప్పారు, అలాగే తగ్గింది. కానీ వాపు పూటపూటకూ పెరుగుతున్నా, చీము వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం 101 దాటినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే తీసుకుపోండి.

గజ్జల్లో ఒక కోత, సంచి మీద ఒక చిన్న కోత ఉంటాయి. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. రెండు రోజులు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, తర్వాత చెంబుతో పోశాం. టబ్బులో కూర్చోబెట్టవద్దన్నారు. చెడ్డీ బదులు అక్క కూతురి పాత కాటన్ గౌను వేశాం, గాలి తగిలి హాయిగా ఉన్నాడు. పసుపు పెడదామని అత్తమ్మ పట్టుబట్టింది. కోత మీద డాక్టర్ చెప్పనిదేదీ పెట్టొద్దని మెల్లగా ఒప్పించి, రాగిజావ, బొప్పాయి పండు ఆమెకే అప్పగించాను. మలబద్ధకం వస్తే ముక్కినప్పుడల్లా కుట్లు నొప్పి పెడతాయి కాబట్టి అది నిజంగా పెద్ద సాయమే.

చుట్టాలు 'పెద్దయ్యాక అదే దిగేది, తొందరెందుకు' అంటారు. ఆరు నెలలు దాటాక తనంతట దిగడం చాలా అరుదు. ఏడాదిన్నర లోపే చేయిస్తే మంచిదంటారు. మాకూ కాస్త ఆలస్యమైంది, మీకూ అయింది. దాని గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు చెల్లీ, ఇప్పుడు చేయిస్తున్నారు కదా.

కుట్లు మానాక కూడా ఆరు నెలలకోసారి చూపించమన్నారు, వృషణం పైకి పోకుండా అక్కడే ఉందో లేదో, పెరుగుతోందో లేదో చూస్తారు. డిశ్చార్జ్ కాగితం టీకాల కార్డుతో పాటు దాచండి. ఇలాంటి పిల్లలకు పెద్దయ్యాక వృషణంలో క్యాన్సర్ గడ్డలొచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువ. అందుకే టీనేజీకి వచ్చాక ఈ ఆపరేషన్ సంగతి వాడికే చెప్పి, తడిమి చూసుకోవడం నేర్పించాలి.