అప్‌గ్రేడా, ఫార్మాటా? కడప డీటీపీ షాపు నుంచి ఒక జవాబు

రాజంపేటలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుకునే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "విండోస్ 10కి సపోర్టు (మైక్రోసాఫ్ట్ వాళ్లిచ్చే అప్‌డేట్లు) అయిపోయింది కదా, ఉన్నదాని మీదనే 11కి అప్‌గ్రేడ్ చేసుకోవాలా, లేక డిస్కు మొత్తం చెరిపి ఫార్మాట్ కొట్టించి కొత్తగా ఎక్కించుకోవాలా? ఎవర్ని అడిగినా ఫార్మాటే మంచిదంటున్నారు."

అప్‌గ్రేడ్ చేసుకో తమ్ముడూ. ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు.

ఎవర్ని అడిగినా ఫార్మాటే అంటారని నాకూ తెలుసు. మా కడపలో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా మందు అదొక్కటే. ప్రింటరు పలకకపోతే ఫార్మాట్, నెట్టు రాకపోతే ఫార్మాట్, ఏదన్నా బొమ్మ తెరుచుకోకపోతే ఫార్మాట్. వచ్చిన పిల్లోడు పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు, గంటలో పని ముగిస్తాడు, ఐదొందలు తీసుకుని పోతాడు. "అన్నా, దీంట్లో ఏమేం ఉన్నాయి, నీకు దేంతో పని" అని అడిగినవాణ్ణి ఇరవై ఏళ్లలో ఒక్కణ్ణి చూడలేదు. వాడు పోయినాక నెలరోజులు ఏరుకునేది మనం.

నాది ఏడు రోడ్ల దగ్గర షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కర్మాంతరం కార్డులు, బిల్లు బుక్కులు. పేజీలు కట్టను పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. నీ షాపులోనూ ఇవే ఉంటాయి, కాబట్టి నేను చెప్పేది నీకు తెలుస్తుంది. మనలాంటివాళ్ల మిషన్‌లో ఉండేది ఫైళ్లొక్కటే కాదు. ఆపిల్ అనే తెలుగు టైపింగ్ కీబోర్డు సెట్టింగు, ఏ కార్డు సైజుకు ప్రింటరు ఎంత మార్జిన్ తింటుందో ఆ లెక్క, పదేళ్లలో ఒక్కొక్కటే వేసుకున్న ఫాంట్లు, దేవుని కడప వెంకన్న బొమ్మ, ఒంటిమిట్ట కోదండరాముడి బొమ్మ, ఒక్కో ఇంటిపేరుకు వాళ్ల ఇలవేల్పు పేరుతో కట్టుకున్న పత్రిక నమూనా. "ఫార్మాట్‌కు ముందు లిస్టు రాసుకో" అని సలహా ఇస్తారు. కాగితం ముందర పెట్టుకుని కూర్చుంటే పది గుర్తొస్తాయి. మిగతావి పని మధ్యలో చెయ్యి పోయి వెతికినప్పుడు, ఆ చోట లేనప్పుడు గుర్తొస్తాయి.

నాకు ఇంత కోపం ఎందుకో చెప్తాను.

విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్టు ఆగిపోయింది. ఆ రోజు భోగి, బాగా గుర్తుంది. పండగ అయి షాపు తీస్తే స్క్రీను నిండా నోటీసు. నాకప్పటికి విండోస్ ఎక్కించడం తెలియదు. మాఘమాసం ముహూర్తాలు మొదలైనాయి, పత్రికలు దండిగా ఉన్నాయి. తెలిసినవాళ్ల సర్వీసు షాపు నుంచి ఒక పిల్లోణ్ణి పిలిపించుకున్నాను. "డెస్క్‌టాప్ మీద ఉండేవన్నీ డి డ్రైవ్‌లో వేసినాను, డి జోలికి పోవద్దు" అని చెప్పి, కార్డు బోర్డు తెచ్చుకోను వైవీ స్ట్రీటుకు పోయినాను.

ఆ పొద్దు షాపులో ఇంకొకాయన కూర్చొని ఉన్నాడు. మైదుకూరు అవతల పల్లె, చెక్కభజన గురువు. డెబ్బై దాటినవాడు. ఆయన నేర్పిన పిల్లలు చుట్టుపక్కల ఎన్నో ఊర్లలో గుండ్రంగా తిరుగుతూ చెక్కలు వాయించి ఆడినవాళ్లే. తన పాటలన్నీ పుస్తకం వేయించి శ్రీరామనవమికి ఊర్లో పంచాలని ఆయన ఆశ. మూడు నెలలుగా బేస్తవారం బేస్తవారం పొద్దున బస్సుకు వచ్చేవాడు. కొన్ని పాటలు నోటు పుస్తకంలో ఉండేవి, కొన్ని ఆయన పాడితే నేను కొట్టేవాణ్ణి. మొత్తం అరవై మూడు. ఆ రోజు కడసారి ప్రూఫు చూసుకుపోదామని వచ్చినాడు.

నేను బోర్డు కట్ట భుజాన పెట్టుకుని తిరిగొచ్చేసరికి స్క్రీను నీలంగా ఉంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "అయిపోవచ్చిందన్నా" అన్నాడు పిల్లోడు. అంతా అయినాక చూస్తే సి ఒక్కటే ఉంది. డి లేదు.

"డి యాడికి పోయింది?"

"జీపీటీ అడిగిందన్నా, పార్టీషన్లన్నీ డిలీట్ కొడితే గానీ ఎక్కలేదు. మళ్లీ డి చేసి ఇస్తాలే."

కొత్త డి చేసి ఇస్తాడంట. ఖాళీది.

వాడు చెప్పింది ఏందో నాకు తర్వాత తెలిసింది. నువ్వూ తెలుసుకో, నీకూ ఇదే అడ్డమొస్తుంది. పాత మిషన్లలో హార్డ్ డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ చేస్తే, ఈ డిస్కులో ఎక్కించను, జీపీటీ అనే కొత్త డిస్కు పద్ధతి కావాలి అంటుంది సెటప్. అక్కడ తెలియనివాళ్లు చేసేది ఒక్కటే, ఉన్న పార్టీషన్లన్నీ చెరిపేయడం. చెరిపితే ఎక్కేస్తుంది, నిజమే. కానీ సి, డి అని మనం అనుకునేవి ఒకే డిస్కులో గీసిన గీతలు. గీత చెరిపితే రెండూ పోతాయి. డి డ్రైవ్‌లో ఉంటే భద్రం అనే మాట మన ఊర్లలో ఎవరు మొదలుపెట్టినారో కానీ, అది నమ్మి ఎంతమంది ఏడ్చినారో. విండోస్ 7 మీద నుంచే అప్‌గ్రేడ్ కొట్టి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు, ఉన్న డిస్కులో ఉన్నట్టే 10 ఎక్కి ఉండేది. ఆ తర్వాత జీపీటీ కావాలనుకున్నా, 2017 నుంచి విండోస్ 10లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అని ఒక టూల్ ఉంది, ఫైళ్లు కదలకుండా మార్చేస్తుంది.

రికవరీకి ఇచ్చినాను. వచ్చిన ఫైళ్లకు పేర్లు లేవు, అంకెలే. పేజ్‌మేకర్‌లో సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవి ఎప్పటివో పాత పత్రికలు. ముక్కలు ముక్కలుగా వచ్చిన వాటిని నోట్‌ప్యాడ్‌లో చూస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే దాచే పద్ధతి) కాదు కదా, లోపల దాచుకునేది ఇంగ్లీషు గుర్తులనే, పైన ఫాంటు వేస్తేనే తెలుగు కనపడేది. ఏది పాటో, ఏది కరపత్రమో వెతికే దారి కూడా లేకపోయింది.

గురువుకు ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. ఆయనే అన్నాడు: "పోతే పోనీలే నాయనా. మల్లా పాడుతా, నువ్వు కొట్టు."

మొదటి ముప్పై పాటల ప్రూఫు కాగితాలు ఆయన సంచిలోనే ఉన్నాయి, ఎర్ర ఇంకుతో దిద్దినవి. అవి మళ్లీ కొట్టినాను. నోటు పుస్తకం మాత్రం టైపు అయిపోయిందని చెప్పి ఎవరో శిష్యుడికి ఇచ్చేసినాడంట, అది తిరిగి దొరకలేదు. మిగిలినవి ఆయన నోటినుంచే రావాలి. స్టూలు మీద కూర్చొని పల్లవి ఎత్తుకుంటాడు, రెండో చరణం దగ్గర ఆగిపోతాడు. "కూర్చుంటే రావు నాయనా, కాలు ఆడితేనే వస్తాయి" అని లేచినాడు. జిరాక్స్ మిషన్‌కూ కటింగ్ మిషన్‌కూ మధ్యన నాలుగు అడుగుల సందు. అక్కడ చెప్పులు విడిచి, పంచె రవ్వంత పైకి కట్టి, వేళ్లతో చిటికెలు వేస్తూ అడుగు వేసినాడు. కుడికాలు ముందుకు, వెనక్కు, తిరుగు. అడుగుతో పాటే చరణం వచ్చింది. జిరాక్స్‌కు వచ్చిన కాలేజీ పిల్లలు కాగితాలు చేత్తో పట్టుకుని అట్లే నిలబడిపోయినారు. ఆ విధంగా ఐదారు దఫాలు వచ్చి పదకొండు పాటలు ఇచ్చినాడు. గుండ్రంగా పదిమంది లేనిదే రాని పాటలు కొన్ని ఉన్నాయన్నాడు. ఊర్లో పిల్లల్ని నిలబెట్టి, ఆడిస్తూ గుర్తు చేసుకుంటానన్నాడు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడు శ్రీరామనవమి ఏప్రిల్ 2న, ఎవరి ఇంట్లో వాళ్లే చేసుకున్నారు. మరుసటి ఏడు ఎండాకాలంలో ఆయన పోయినాడు.

నలభై ఒకటి ఉన్నాయి నా దగ్గర. ఇరవై రెండు లేవు.

అందుకే నా షాపులో రెండో మిషన్ మీద ఎవర్నీ చెయ్యి వేయనీయలేదు. నేనే నేర్చుకున్నాను. 7 నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ దించి, "ఫైళ్లు, యాప్‌లు అట్లే ఉంచు" అనేది ఎంచుకుని వదిలినాను. మూడు గంటలు పట్టింది. లేచినాక పేజ్‌మేకర్ తెరిస్తే ముందురోజు సగంలో ఆపిన పత్రిక ఆపిన చోటే ఉంది. ఫాంట్లు ఉన్నాయి, ప్రింటరు మార్జిన్లు ఉన్నాయి. ఇప్పుడు అదే మిషన్‌కు బోర్డు, ప్రాసెసరు మార్చి 11 కూడా అట్లే ఎక్కించినాను. అప్‌గ్రేడ్ చేస్తే చెత్త మిగిలి స్లో అవుతుంది అంటారే, అది ఉట్టి మాట. స్లో అయ్యేది ఎక్కువగా పాత హార్డ్ డిస్కు వల్ల, నాలుగు జీబీ ర్యామ్ వల్ల. ఫార్మాట్‌కు ఇచ్చే డబ్బు ఎస్ఎస్‌డీకి (హార్డ్ డిస్కు కన్నా వేగంగా నడిచే డిస్కు) పెట్టుకో, పాతదాన్ని ఉన్నదున్నట్టు దాంట్లోకి క్లోన్ చేసుకో.

నీ సంగతికి వస్తాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తారు. కాబట్టి సీజన్ మధ్యలో పెట్టుకోవద్దు, మూఢం వచ్చినప్పుడు చేసుకో. ముందు పీసీ హెల్త్ చెక్ అనే యాప్‌తో నీ మిషన్ 11కి పనికొస్తుందో లేదో చూడు. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరు నుంచే ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0 (11 అడిగే సెక్యూరిటీ ఏర్పాటు) లేదని చెప్తే కంగారుపడి కొత్త బోర్డు కొనొద్దు, చానా మిషన్లలో అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే మిషన్ సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని పేరుంటుంది, ఆన్ చేస్తే చాలు.

మన ఊర్లలో కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ బ్యాటరీ బాగుంటేనే మొదలుపెట్టు. అన్నిటికన్నా ముందు నీ పని మొత్తం బయటి హార్డ్ డిస్కులో వేసి, వైరు పీకి, బీరువాలో పెట్టు. అప్‌గ్రేడ్ అయినాక పాత విండోస్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరులో ఉంటుంది. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి పోయి పది రోజుల లోపల వెనక్కు పోవచ్చు. ఆ పది రోజులూ జాగా కోసమని డిస్క్ క్లీనప్ కొట్టి దాన్ని పోగొట్టుకోవద్దు. ఫార్మాట్‌లో ఈ వెనక్కు పోయే దారే లేదు, నేను చెప్పేదంతా దీనికోసమే.

ఫార్మాట్ తప్పని సందర్భాలు ఉన్నాయి. వైరస్ పట్టి నాశనమైతే, మిషన్ ఎవరికన్నా అమ్మేటప్పుడు, లేదా నీది 32 బిట్ విండోస్ అయితే. 11 వచ్చేది 64 బిట్‌లోనే, 32 మీద నుంచి అప్‌గ్రేడ్ కాదు. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంటే ఫార్మాట్‌కు ముందు లైసెన్సు సరెండర్ చేసుకో.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ చెప్తా. పత్రికకు అను వాడుకో, నేనూ వాడతాను, ఆ అక్షరాల అందం పెళ్లి పత్రికకు కావాలి. కానీ దాచుకోవాల్సిన రాత ఏదున్నా యూనికోడ్‌లో కూడా ఒక కాపీ పెట్టుకో. గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చింది, ఇన్నేళ్లయినా మన డీటీపీ షాపులు అటు తిరిగి చూడలేదు. ఇప్పుడు జనం పత్రిక అచ్చు వేయించేది తగ్గించి వాట్సాప్‌లో బొమ్మ పంపుతున్నారు. ఆ బొమ్మలోని పేర్లు పదేళ్ల తర్వాత ఎవరు వెతికినా దొరకవు.

మైదుకూరు, బద్వేలు, ఖాజీపేట వైపు వాళ్లెవరన్నా ఇది చదువుతుంటే మీకొక మాట. మీ ఊరి భజన మందిరంలో గానీ, చెక్కభజన ఆడిన పెద్దల దగ్గర గానీ ఆ గురువు పాటలు రాసుకున్న, నీలం అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం ఉందేమో ఒక్కసారి అడగండి. మొదటి పేజీలో పసుపు బొట్టు, కింద 1986 అని రాసి ఉంటుంది. పుస్తకం నాకు ఇవ్వనక్కర్లేదు, ఫోటోలు తీసి ఈ జవాబు కింద పెట్టినా చాలు. పాతవాళ్లు ఎవరన్నా ఆడుతూ పాడగలిగినా సరే, చెప్పండి, నేనే ల్యాప్‌టాప్ తీసుకుని మీ ఊరికి వస్తాను.