పాటలో ‘నువ్వు’ ఎవరు?

ప్రశ్న: ఇంగ్లిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘విష్ యూ వర్ హియర్’ (నువ్విక్కడ ఉంటే బాగుండు) పాట విన్నప్పుడల్లా మా అన్న గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. అన్న కువైట్ పోయి ఐదేళ్లయింది. రూమ్‌మేట్ మాత్రం ‘అది వాళ్ల బ్యాండులో మతి చెదిరిన మనిషి మీద రాసిన పాట, మీ అన్నకీ దానికీ ఏం సంబంధం?’ అంటాడు. నేను తప్పుగా వింటున్నానా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ స్నేహితుడు చెప్పిన చరిత్ర చాలావరకు నిజం. సిడ్ బారెట్ ఆ బ్యాండు మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో బయటికి వచ్చేశాడు. 1975 జూన్ 5న లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఈ పాట ఉన్న ఆల్బమ్ పని నడుస్తుంటే బారెట్ వచ్చి కూర్చున్నాడు. పాత స్నేహితులే మొదట ఆనవాలు పట్టలేకపోయారు.

కానీ ఆ చరిత్రే మీ పక్షాన కూడా మాట్లాడుతోంది. పాట వచ్చేనాటికి బారెట్ బతికే ఉన్నాడు, పోయింది 2006లో. కాబట్టి ఇది చనిపోయినవాళ్ల మీద కట్టిన పాట కాదు, ఉండీ దగ్గర లేనివాళ్ల పాట. పైగా పాడిన డేవిడ్ గిల్మోర్ బారెట్‌ను తలుచుకోకుండా దీన్ని పాడలేనన్నాడు; మాటలు రాసిన రోజర్ వాటర్స్ అవి తనను తాను అడుక్కున్న ప్రశ్నలు కూడా అన్నాడు. కట్టినవాళ్లిద్దరికే ‘నువ్వు’ ఒకరు కానప్పుడు మూడో మనిషికి చోటు లేదనడం ఎలా?

ఇప్పుడు మీ చెవిని పరీక్షించుకోండి. ఫోను స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సాహిత్యం ముందు పెట్టుకోకుండా వినండి. గొంతు పట్టేసిన క్షణంలో ఆపి, తెరమీద ఎన్నో నిమిషం ఎన్నో సెకను చూపిస్తోందో రాసుకోండి. మూడు వేర్వేరు రోజులు ఇలా చేయండి. గాత్రం మొదలయ్యేది నిమిషంన్నర దాటాకే. మీ గుర్తు అంతకుముందే పడితే మిమ్మల్ని కదిలించింది మాటలు కావు, శబ్దం.

ఆ శబ్దం సంగతి చూడండి. మొదట రేడియో స్టేషన్లు మారుతున్న గరగర. తర్వాత సన్నగా, దూరంగా, రేడియోలోంచి వస్తున్నట్టు పన్నెండు తీగల గిటార్. కాసేపటికి పక్కనే కూర్చుని వాయిస్తున్నంత దగ్గరగా ఇంకో గిటార్ దానికి జవాబిస్తుంది. అవతలివాడు రేడియోలో, ఇవతలివాడు గదిలో. ఐదేళ్లుగా మీ అన్న గొంతు మీకు చేరుతున్నది కూడా అలా ఫోనులోంచి సన్నబడే కదా! మీ చెవి ఊరికే పొరబడలేదు.

తర్వాతి మెట్టు తెలుగులో వేయాలి. ఇంగ్లిష్ ‘యూ’ చిన్నా పెద్దా, ఆడా మగా చూడదు, ఒకరో పదిమందో కూడా చెప్పదు. మన భాషలో ఆ సౌకర్యం లేదు. పాట పేరునే బయటికి అనండి: ‘నువ్వీడ ఉండింటే బాగుండు’, ‘మీరుండింటే బాగుండు’, ‘అన్నా, నువ్వుండింటే...’ నోటికి అడ్డుపడకుండా వచ్చిన మాటే మీ ‘నువ్వు’ ఎవరో చెప్పేస్తుంది. అన్న కోసమనుకుని మొదలుపెట్టి ‘అవ్వా’ అని ఆగిపోయినా కంగారుపడకండి, అది కూడా జవాబే.

ఒక జాగ్రత్త. ప్రతి చరణాన్నీ అన్న జీవితానికి అతికించకండి. రెండు మూడు చోట్ల అతుకుతుంది, మిగతాచోట్ల లాగాల్సొస్తుంది. అతకని చరణాన్ని అట్లాగే వదిలేయండి. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో విరహంతో వేగే నాయిక మాటల్ని ఈ ఊళ్లో ఎంతోమంది తమవిగా చేసుకుని పాడుకుంటారు. అందుకు ప్రతి మాటా తమ ఇంటి సంగతి కానక్కర్లేదు.

ప్రశ్న: దీపాలు పెట్టే వేళ ఏడుపు పాటలేమిటని మా అమ్మ కోప్పడుతుంది. దిగులు పాటలు వింటే దిగులు పెరుగుతుందా?
– పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పాట అయ్యాక ఎవరికైనా ఫోన్ చేయాలనో, నాలుగు ముక్కలు రాసుకోవాలనో అనిపిస్తే అది మేలు చేస్తున్నట్టే. రాత్రి పూట రిపీట్‌లో పెట్టి పడుకుని అదే ఆలోచన చుట్టూ తిరుగుతుంటే చేటు. రిపీట్ తీసేసి ఒక్కసారే వినండి, వెంటనే లేచి ఏదో ఒక పని పట్టండి. రెండు వారాలైనా నిద్ర, ఆకలి, చదువు దారిన పడకపోతే ఆ బరువు పాటది కాదు. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: ‘విష్ యూ వర్ హియర్’ మొదలు గిటార్ మీద వాయిస్తే మామూలు విషాద పాటలా ఉంటోంది, అసలుది అలా ఉండదు. ఎక్కడ తప్పుతోంది?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: చాలావరకు వేళ్లలో. ఉంగరం వేలు, చిటికెన వేలు రెండో, మొదటి తీగల మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మీద పెట్టి ఇక ఎత్తకూడదు. చూపుడు, మధ్య వేళ్లు ఐదు, నాలుగు తీగల రెండో ఫ్రెట్ మీద పెడితే ‘ఈ మైనర్ సెవెన్’ (Em7) కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు. చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ మీదే ఉండి, మధ్య వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌కు వెళ్తే ‘జీ’ (G). నాలుగో తీగ రెండో ఫ్రెట్ ఒక్కటే ఉంచి, ఆరో తీగ మోగనివ్వకుండా మీటితే ‘ఏ సెవెన్ సస్ ఫోర్’ (A7sus4). కార్డు మారినా పై రెండు స్వరాలు మారవు. మామూలు ‘ఈ మైనర్’ (Em) పట్టి వేళ్లన్నీ ఎత్తి దించితే ఆ తీగల మోత తెగిపోయి ఏడుపు ఒక్కటే మిగులుతుంది. వేగం నిమిషానికి సుమారు 60 దెబ్బలు, తొందరపడకండి.

జవాబిచ్చే రెండో గిటార్ ప్రధానంగా ఐదు స్వరాల మీదే తిరుగుతుంది. ‘జీ’ని షడ్జమం (స) అనుకుంటే అది మోహన రాగం. అవే స్వరాలకు ‘ఈ’ (E) స్వరాన్ని షడ్జమం చేస్తే శుద్ధ ధన్యాసి రాగం. కింద కార్డు ‘ఈ మైనర్’కీ ‘జీ’కీ మధ్య ఊగుతుంటే చెవి రెండింటి మధ్యా ఊగుతుంది. పూర్తి విషాదంగా వినిపించకపోవడానికి కారణం ఇదే. సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే స్నేహితులుంటే గ్రహభేదం (స్వరాలు అవే ఉంచి షడ్జమం మార్చడం) చేసి వినిపించమనండి, ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

రేడియో శబ్దం కావాలంటే కార్డుల భాగం ఫోనులో రికార్డు చేసి, ఈక్వలైజర్‌లో (శబ్దంలో లోతు, పలచన సర్దే సాధనం) 300 హెర్ట్జ్ కిందిదీ 3,000 పైదీ కోసేయండి. ఆ ఫోనును రెండు గజాల దూరంలో పెట్టి మోగిస్తూ, ఇవతల కూర్చుని దానికి బదులు వాయించండి.