అల్లుడూ, ఇవాళ్టి దూరమే చెప్పు

భవానీపురం, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వచ్చే నెల సీనియర్ ప్రొఫెషనల్స్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్‌లో ఆ యాభై నాలుగేళ్ల సార్ బ్యాగ్ నువ్వే మోస్తున్నావట కదా. ఆ సంతోషంలో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అంటావు గానీ పెట్టెయ్యగానే సగం మర్చిపోతావు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. బ్యాగ్ జేబులో పెట్టుకుని రెండుసార్లు చదువు.

నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో క్యాడీగా, ఆటగాళ్ల గోల్ఫ్ కర్రల బ్యాగులు మోస్తూ పని చేస్తున్నావు కాబట్టి పని నీకు కొత్త కాదు. బంకర్ ఇసుక ఎలా గీకాలో, దెబ్బకి గడ్డి లేచిపోయిన డివట్ ఎలా పూడ్చాలో నేను నీకు చెప్పక్కర్లేదు. కానీ ఇన్నాళ్లూ నువ్వు మోసింది క్లబ్ మెంబర్ల బ్యాగులు, కుర్రాళ్ల బ్యాగులు. యాభై దాటిన ప్రొఫెషనల్ పక్కన నడవడం వేరే పని. నేను ముప్పై రెండేళ్లు బ్యాగ్ మోశాను. అందులో చివరి పదకొండేళ్లు ఎక్కువగా ఆ వయసు వాళ్లతోనే.

ముందుగా ఒక విషయం. సీనియర్ అన్నారు కదా అని ఆయన మీద జాలి పడకు. మన రాష్ట్రంలో గవర్నమెంటు ఉద్యోగి 62 ఏళ్లకి రిటైర్ అవుతాడు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ 2023లో యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచేనాటికి ఆయనకి 65 ఏళ్లు. మరుసటి ఏడు మొదట్లో మడమ వెనక స్నాయువు తెగి ఆపరేషన్ అయింది. అదే ఏడాది నవంబర్‌లో, 67 ఏళ్ల వయసులో, మళ్లీ గెలిచాడు. యాభై నిండాక ఆడే పోటీలంటే ఇలాంటి వాళ్లుంటారు. మన జీవ్ మిల్ఖా సింగ్ కూడా 2021 డిసెంబర్‌లో యాభై నిండగానే అటు వెళ్లాడు. వీళ్లెవరూ కాలక్షేపానికి రారు. నీ సార్ కూడా గెలవడానికే వస్తున్నాడు. నువ్వు కూడా అలాగే వెళ్లాలి.

ఇక అసలు మాట. ఆ వయసు ఆటగాడికి చెయ్యి బాగానే ఉంటుంది, అనుభవం చెప్పక్కర్లేదు. దెబ్బలో తగ్గేది దూరం ఒక్కటే. మనసు మాత్రం ముప్పై ఐదేళ్ల నాటి దూరం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. సెవెన్ ఐరన్ అనే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, చేతిలోకి తీసుకోగానే ఆయనకి అప్పటి నూట అరవై ఐదు గజాలే గుర్తొస్తాయి. ఇవాళ అది నూట యాభై రెండే పోతుంది. ఆ పదమూడు గజాల తేడాలోనే మ్యాచ్‌లు పోతాయి. ఆ తేడా చెప్పడానికే నువ్వు పక్కన ఉన్నావు.

నా సంగతే చెప్తాను, నువ్వు ఎప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను మోస్తున్న సార్‌కి అప్పటికి యాభై మూడు. రెండో రోజు సాయంత్రం, నీళ్ల మీదుగా కొట్టాల్సిన పార్ త్రీ, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. పిన్, అంటే కప్పులో నిలబెట్టిన జెండా, నూట అరవై రెండు గజాలు. పొద్దుట నుంచి ఆయన సెవెన్ ఐరన్ ఎక్కడ పడుతోందో నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా నూట యాభై ఐదు దాటలేదు. ఆయన బ్యాగ్ వైపు చెయ్యి చాచి "సెవెన్" అన్నాడు. నా వేళ్లు సెవెన్ కన్నా దూరం పోయే సిక్స్ ఐరన్ మీద ఉన్నాయి. సగం పైకి లాగాను కూడా. మళ్లీ వదిలేసి సెవెన్ తీసి ఇచ్చాను. పెద్దాయన కదా, పది మంది చూస్తుంటే ఎలా చెప్పడం అనిపించింది. దెబ్బ చాలా చక్కగా తగిలింది. ఆ చప్పుడు వింటేనే తెలుస్తుంది. బంతి గాల్లో ఉండగానే ఆయన వంగి, బంతి నిలబెట్టిన టీ పుల్ల పీకి జేబులో వేసుకున్నాడు, అంత నమ్మకం. బంతి అవతలి గట్టు మీద, గ్రీన్‌కి (కప్పు ఉండే నున్నటి గడ్డికి) రెండడుగుల ఇవతల పడింది. గడ్డి మీద ఒక్క క్షణం ఆగి, మెల్లగా వెనక్కి దొర్లి నీళ్లలోకి జారిపోయింది.

ఆయన ఏమీ అనలేదు. మిగిలిన హోల్స్ మామూలుగానే ఆడాడు. కారు దగ్గర బ్యాగ్ పెడుతుంటే అడిగాడు, "నీకు తెలుసు కదా?" అని. తెలుసు సార్ అన్నాను. "మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ రోజు ఇవ్వాల్సిన డబ్బులు పూర్తిగా ఇచ్చాడు. అది ఇంకా బాధ అనిపించింది. ఆ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడక్కూడదని ఆ రాత్రే అనుకున్నాను.

కాబట్టి చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే కష్టం. "సార్, మీకు అంత దూరం పోదు" అంటే మనిషి చిన్నబోతాడు, తర్వాతి మూడు హోల్స్ పోతాయి. కొందరు క్యాడీలు గాలి మీద నెట్టేస్తారు, "ఎదురుగాలి ఉంది సార్, సిక్స్ తీసుకోండి" అని. లేని గాలిని ఉందని ఎప్పుడూ చెప్పకు. నిజంగా గాలి ఉన్న రోజున నీ మాటకి విలువుండదు. నేను తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ప్రాక్టీస్ రోజుల్లోనే చిన్న నోట్‌బుక్‌లో ప్రతి క్లబ్ క్యారీ రాసుకో, అంటే బంతి గాల్లో పోయి నేల మీద మొదట పడేంత దూరం. పొద్దుట ఎంత, మధ్యాహ్నం ఎంత, అలసిపోయాక ఎంత. చలిగా ఉన్నప్పుడు బంతి తక్కువ పోతుంది, ఎండలో కాస్త ఎక్కువ పోతుంది. అదీ రాసుకో. ఆ పుస్తకం ఆయనకి మొదటి రోజే చూపించు. తర్వాత మ్యాచ్‌లో ఒక్క ముక్క చాలు: "సార్, పిన్ నూట అరవై రెండు. ఇవాళ మీ సెవెన్ నూట యాభై రెండు." అంతే, ఆగిపో. అది ఆయన కొట్టిన అంకె, నీ అభిప్రాయం కాదు. క్లబ్ ఆయనే మార్చుకుంటాడు. మార్చుకోకపోతే ఇంకేం మాట్లాడకుండా అడిగింది ఇచ్చెయ్. అనుమానంతో కొట్టిన సిక్స్ కన్నా నమ్మకంతో కొట్టిన సెవెన్ నయం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. టామ్ వాట్సన్ గురించి విన్నావా? 2009లో టర్న్‌బెర్రీలో ఓపెన్ ఛాంపియన్‌షిప్, ఆయనకి 59 ఏళ్లు. కుర్రాళ్లందరి మీదా ముందున్నాడు. చివరి హోల్‌లో నాలుగు దెబ్బల్లో ముగిస్తే చాలు, గెలిచేస్తాడు. ఎయిట్ ఐరన్‌తో చక్కగా కొట్టాడు. బంతి గ్రీన్ మీద ఆగకుండా వెనక్కి దాటిపోయింది. ఐదు దెబ్బలు పట్టాయి, స్కోర్లు సమమై ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ చేతిలో ఓడిపోయాడు. చివరి రోజు చివరి హోల్స్‌లో ఒంట్లో వేడి పుడుతుంది అల్లుడూ, అప్పుడు వయసుతో పనిలేకుండా బంతి ఐదారు గజాలు ఎక్కువ పోతుంది. అందుకే మూడో రోజు నుంచి ఆయన ఊపిరి చూడు, నడక చూడు. నడక వేగం పెరిగిందంటే నీ పుస్తకంలో అంకెలు కూడా పెరిగినట్టే. సీనియర్ టూర్‌లో మామూలు పోటీలు మూడు రోజులు, 54 హోల్స్. మీది నాలుగు రోజులదని మీ అమ్మ చెప్పింది. నాలుగో రోజు ఒంట్లో అలసటా ఉంటుంది, ఆ వేడీ ఉంటుంది. రెండింటినీ కలిపి లెక్క కట్టాలి.

గ్రీన్ మీద నీ మోకాళ్లు ఆయనకి ఇవ్వు. 2019లో మారిన రూల్స్ ప్రకారం గ్రీన్ మీద బంతిని మార్క్ చేసి ఎత్తడానికి క్యాడీ ఆటగాడిని అడగక్కర్లేదు. ముందురోజు ఆయనతో ఓ మాట అనుకుని ఆ పని నువ్వే చెయ్యి. కప్పులోంచి బంతి కూడా నువ్వే తియ్యి. పద్దెనిమిది హోల్స్, నాలుగు రోజులు, ఎన్నిసార్లు వంగడం తప్పుతుందో లెక్కేసుకో. ఆ వయసులో చాలామందికి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలుంటాయి. తల దించి చూస్తే కింది భాగంలోంచి బంతి మసకగా కనిపిస్తుంది. లైన్ విషయంలో, అంటే బంతి కప్పులోకి పోయే దారి విషయంలో, నీ కళ్ల మీద ఆధారపడతాడు.

మన దేశంలో గ్రీన్లు ఎక్కువగా బెర్ముడా గడ్డివి. వాలు ఒక్కటే చూస్తే సరిపోదు, గడ్డి ఎటు పడుకుని ఉందో చూడాలి. నువ్వు నిలబడిన చోటి నుంచి గడ్డి తెల్లగా మెరుస్తుంటే అది నీ నుంచి అటువైపు వాలి ఉంది, బంతి జారిపోతుంది. ముదురుగా, దట్టంగా కనిపిస్తే నీకు ఎదురు, కాస్త గట్టిగా కొట్టాలి. అనుమానం వస్తే కప్పు దగ్గర గొంతుక్కూర్చుని అంచు చూడు. ఒకవైపు కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. ఇంకోవైపు చిరిగినట్టుండి, మధ్యాహ్నానికి గోధుమరంగుకి తిరుగుతుంది. గడ్డి ఆ చిరిగిన వైపుకే పెరుగుతోందని గుర్తు. ఇది నాకు చెప్పిన ముసలి క్యాడీకి అక్షరం ముక్క రాదు. కానీ ఆయన చదివినంత బాగా గ్రీన్‌ని ఇంకెవరూ చదవగా నేను చూడలేదు.

లైన్ చెప్పాక పక్కకి తప్పుకో. ఆయన కాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టే వేళకి బంతి వెనక, ఆ లైన్ మీద నువ్వు నిలబడి ఉండకూడదు. రెండు స్ట్రోకుల పెనాల్టీ. క్లబ్బులో ఎవరూ పట్టించుకోరు కాబట్టి నీకు ఆ అలవాటు ఉండే ఉంటుంది, ఇప్పుడే మానుకో. బంతి వెతకడానికి మూడు నిమిషాలే. డ్రాప్, అంటే బంతిని చేత్తో నేల మీదకి వదలడం, మోకాలి ఎత్తు నుంచి, మా రోజుల్లోలా భుజం ఎత్తు నుంచి కాదు. పొద్దున్నే క్లబ్బులు లెక్కపెట్టు, పద్నాలుగు దాటకూడదు. ప్రాక్టీస్‌లో వాడిన రెండో పటర్, గ్రీన్ మీద వాడే క్లబ్, ఒకటి బ్యాగ్‌లోనే ఉండిపోతుంది, అదే కొంప ముంచుతుంది. దూరం కొలిచే మెషీన్ వాడనిస్తారో లేదో ఆ పోటీ లోకల్ రూల్స్‌లో చూసుకో. వాడనిచ్చినా వాలు లెక్కగట్టే మీట ఆపేసి ఉంచు.

తిండి సంగతి. సార్‌కి షుగర్ ఉందో లేదో, మందులేమిటో మొదటి రోజే అడిగి తెలుసుకో, సిగ్గుపడకు. షుగర్ పడిపోతే మనిషి నోటితో చెప్పడు. మాట తగ్గుతుంది, చేతులు చల్లబడి చెమట పడతాయి, రోజూ ఆలోచించి కొట్టేవాడు గబగబా కొట్టేస్తాడు. అది చూడగానే రూల్స్, స్కోరు అన్నీ పక్కనపెట్టి ముందు నోట్లో ఏదైనా తీపి పెట్టించు. నా బ్యాగ్‌లో ఎప్పుడూ గ్లూకోజ్ పొట్లం, పల్లీ చిక్కీలు, రెండు అరటిపళ్లు ఉండేవి. నీళ్లు అడిగినప్పుడు కాదు, ప్రతి రెండు హోల్స్‌కి నువ్వే సీసా అందించు. ఎండ గట్టిగా ఉంటే ఉప్పేసిన మజ్జిగ కన్నా మంచిది లేదు. నువ్వు కూడా ఆ వారం రోజులు గుంటూరు కారం తగ్గించు. పొట్ట పట్టుకుని బ్యాగ్ మోయలేవు.

డబ్బుల విషయం ముందే మాట్లాడుకో. వారానికి ఎంత, ప్రైజ్ మనీలో వాటా ఎంత, దారి ఖర్చులు ఎవరివి. సార్ మంచివాడే అయినా మాట స్పష్టంగా ఉంటే ఇద్దరికీ మనసు తేలిగ్గా ఉంటుంది.

మీ అమ్మకి ఇంకా బెంగే. "చదువుకున్నవాడు ఒకరి సంచీ మోయడమేంటి తమ్ముడూ" అంటుంది. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడని చెప్పాను. 2021లో ఫిల్ మికెల్సన్ యాభై ఏళ్లకి పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచిన రోజున బ్యాగ్ మోసింది సొంత తమ్ముడేనని కూడా చెప్పాను. చివరి రోజు ఆట మధ్యలో ఆ తమ్ముడే అన్నని పక్కకి పిలిచి, గెలవాలంటే నమ్మకంగా స్వింగ్ చేయాలని చెప్పాడట. నిజం చెప్పే మనిషి పక్కన ఉండటం ఎంత అవసరమో ఆమెకి అప్పుడు కొంచెం అర్థమైంది. మిగతాది నువ్వు చెప్పుకో.

ఇంకో పది రోజులు గుంటూరులోనే ఉంటావు కదా, ఖాళీగా ఉండకు. శుక్రవారం రాత్రికి మా ఇంటికి వచ్చెయ్. తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రకాశం బ్యారేజీ మీదకి వెళ్దాం, ట్రాఫిక్ మొదలయ్యేలోపు. దాని పొడవు 1223 మీటర్లు. పోయి రావడం దాదాపు రెండున్నర కిలోమీటర్లు. నాలుగు చుట్లు తిరిగితే పద్దెనిమిది హోల్స్ నడిచినట్టే. నా పాత బ్యాగ్ అటక మీద ఉంది, ఇసుక సంచీలు వేసి నీ సార్ బ్యాగ్ బరువుకి సరిచేసి పెడతాను. మన స్థలాలు కొలిచే గజమే గోల్ఫ్‌లో గజం. ఈ చివర నుంచి సీతానగరం వైపు చివరి దాకా దాదాపు 1338 గజాలు. అడుగులు లెక్కపెడుతూ నడువు, నేను పక్కనే వస్తాను. మొదటి రోజు లెక్క ఎంత తప్పుతుందో చూద్దాం. మూడో రోజుకి పది గజాల లోపల రావాలి.

బూట్లు కొత్తవి కొనకు, అరిగినవే తీసుకురా. నోట్‌బుక్ మాత్రం కొత్తది కొను, చొక్కా జేబులో పట్టేంతది.

ఉంటాను,
మీ మామయ్య